చేపపిల్లల ఊపిరి

“తాళం నా దగ్గరే ఉంది. ఇవ్వను,” అంది సాయిదుర్గ.

షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కుడి పిడికిలి చున్నీలో చుట్టి గుండెకి ఆనించుకుంది. అది విప్పించాలంటే ఫణికిరణ్ ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విరవాలి. మొగుడూ పెళ్లాలిద్దరికీ ఆ సంగతి తెలుసు.

ఆమె వెనక, చేపల మేత బస్తాలు పక్కకి జరిపి ఖాళీ చేసిన చోట, ఎర్ర కారు నేలకి కరుచుకుని ఉంది. లోపల వెనక సీట్లు లేవు. బరువు తగ్గాలని పోయిన వారమే పీకేశాడు. అవి ఇప్పుడు కోళ్లగూటి పక్కన పడున్నాయి. ఒకదాని మీద పెట్ట గుడ్డు పెట్టింది కూడా.

“దుర్గా, ఆరున్నరకల్లా పందేనికి గూడెం పాత రన్‌వే మీద ఉండాలి. చల్లగాలి ఉన్నంతసేపే ఇంజను లాగుతుంది. ఎండెక్కిందంటే మళ్లీ పదకొండున్నరే,” అన్నాడు ఫణి.

“పదకొండున్నర సెకన్లకి పావు మైలు పోతే ఏం తక్కువైందండీ? పదిలో పోతే అవతల ఎవరైనా వేడన్నం వడ్డించుకుని కూర్చున్నారా?”

“అలా అడుగు,” అంది అత్తగారు కాంతం వంటింటి మెట్టు మీంచి. “నేనడిగితే నీకు తెలీదులేమ్మా అంటాడు. నాకు తెలీకుండానే వీణ్ణి కన్నాను మరి.”

“అమ్మా, నువ్వు ఆగు. నేనేం కొంపలు ముంచానని? పుల్లీ మార్చాను. అంతే. చెరువు దగ్గర పంపు ఇంజనుకి పుల్లీ మార్చి ఫ్యాను జోరు పెంచడం లేదా నాన్న? ఇదీ అంతే. సూపర్‌చార్జరుకి చిన్న పుల్లీ వేస్తే అది జోరుగా తిరిగి ఇంజనులోకి గాలి ఎక్కువ తోస్తుంది. గాలికి తగ్గ పెట్రోలు అందాలని రెండో పంపు బిగించాను. తోసిన గాలి వేడెక్కకూడదని డిక్కీలో ఐసు డబ్బా పెట్టాను. మన చేపలకి కొట్టే ఐసే. ఇందులో భయపడ్డానికేముంది?”

“డిక్కీలో ఐసు డబ్బా పక్కన ఉన్నదాని మాట చెప్పరేం?”

ఫణి తల దించుకున్నాడు.

ఐసు డబ్బా పక్కన, ఇనప పట్టీల మధ్య, ఏడాది పిల్లాడంత నీలం బుడ్డి ఉంది. నైట్రస్ బుడ్డి. తెచ్చిన రోజున పెళ్లానికి ముచ్చటపడి చూపించాడు. మీట వేసి ఉంచితే, బండి కదిలాక సరిగ్గా మూడో సెకనులో దాని మూత తెరుచుకుంటుందని, ఆ దెబ్బకి వీపు సీటుకి అంటుకుపోతుందని చేతులు తిప్పుతూ చెప్పాడు. ఆ ముచ్చటే ఇవాళ అతని మెడకి చుట్టుకుంది.

“పోయిన నెల ఆ భీమవరం అబ్బాయి బండి తుమ్మచెట్లలోకి పోయిన వీడియో నేనూ చూశానండి. వాడి బండిలో ఈ బుడ్డి కూడా లేదు,” అంది సాయిదుర్గ. “మీరు చెడింది చాలక మా గోపీని కూడా దించారు. తల్లి లేని పిల్లాడండీ. పదో ఏట నుంచి తల దువ్వి బడికి పంపింది నేను.”

“నీ తమ్ముడికి ఇరవై మూడేళ్లు. నేను దించలేదు, వాడే దూకాడు. ఇద్దరం ఒకే కిట్టు తెప్పించుకున్నాం, నిజమే. వాడి బుడ్డి ఖాళీ. నాది మాత్రమే నిండింది. కాబట్టి ఇవాళ గోపీచంద్‌గారు ఎడ్లబండిలా పోతారు. సంతోషమేనా?”

సాయిదుర్గ పిడికిలి ఇంకా బిగించింది. షెడ్డు వెనక చెరువులో గాలిచక్రాలు నీళ్లు కొడుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

“తాళం ఇచ్చెయ్యమ్మాయ్.”

ముగ్గురూ తిరిగి చూశారు. ఆ మాట అన్నది మంగరాజు. బోర్లించిన చేపల ట్రే మీద కూర్చుని కాళ్ల బురద కడుక్కుంటున్నాడు. కొడుకుతో మాట్లాడి రెండు నెలలైంది. ఈ కారు షెడ్డులోకి వచ్చిన రోజునే “అది ఉన్నంతకాలం నువ్వు నా కళ్లకి ఆనవు” అన్నాడు. అన్నట్టే ఉన్నాడు. అలాంటి మనిషి ఇవాళ తాళం ఇమ్మంటున్నాడు!

“మావయ్యగారూ, మీరు కూడానా?”

“ఎలాగూ పోతాడు. ఏడిపించి పంపడం దేనికి?” అని చెంబు పక్కన పెట్టాడు. కొడుకు వైపు మాత్రం చూడలేదు.

సాయిదుర్గ గుమ్మం మీంచి పక్కకి జరిగింది. పిడికిలి తెరిచింది. తాళం అంచు అరచేతిలో ఎర్రగా గుచ్చుకుపోయి ఉంది.

“ఒక్కటే అడుగుతాను. ఆ బుడ్డి తెరవనని నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పండి.”

ఫణి వాచీ చూసుకున్నాడు. పెళ్లాం మొహం చూశాడు. చెయ్యి పెట్టాడు.

“నీ మీద ఒట్టు. తెరవను.”

మంగరాజు మొహం ఎందుకో చిన్నబోయింది. ఆ హడావుడిలో ఎవరూ అది గమనించలేదు.

కారు గట్టెక్కి మలుపు తిరిగేదాకా సూపర్‌చార్జరు సన్నటి ఈల వినిపిస్తూనే ఉంది. ఆ ఈలకి చెరువు మీది కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. మళ్లీ వాలడానికి చాలాసేపు పట్టింది.

* * *

మంగరాజు మూడు చెరువులూ తిరిగి వచ్చేసరికి ఆరున్నర దాటింది. కాంతం కాఫీ గ్లాసు చేతికిచ్చి అక్కడే నిలబడింది.

“ఏంటి కథ? రెండు నెలలు వాడి నీడ తొక్కని మనిషికి ఇవాళ అంత మనసెలా వచ్చింది?”

“ఏం, రాకూడదా?”

“రావచ్చు. ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పమంటున్నాను.”

మంగరాజు కాఫీ ఊదుకున్నాడు. వాకిట్లో ఫోన్ పట్టుకు కూర్చున్న కోడలి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిస్తే మూడిళ్లకి బదులు రెండిళ్లకి వినపడుతుంది, అంతే తేడా.

“మొన్న పందెం ఓడిపోయి వచ్చాడు చూడు, ఆ మర్నాడు తెల్లారగట్ల గట్టు మీద కూర్చున్నాడు. నన్ను చూళ్లేదు. తెల్లారగట్ల నీళ్లలో ఆక్సిజన్ చాలకపోతే చేప పైకొచ్చి మూతి తెరుస్తుందే, అచ్చం అలాగే ఉన్నాడు కాంతం. ముప్పై ఏళ్లుగా చేప అలా తేలితే పరిగెత్తిన వాణ్ణి. కన్నకొడుకు తేలితే కూర్చుంటానా?”

“అయితే ఏం చేశారు?”

“ఫోన్లో ఎవడితోనో చెబుతున్నాడు. ఆ నీలం బుడ్డిలో గ్యాసు అయిపోయిందట. హైదరాబాద్ వాడు రెండు వారాలు ఆగమన్నాడట. ఇంజనుకి ఆక్సిజన్ అందించేది అదేనట, అది లేకపోతే మళ్లీ ఓడిపోతానని ఏడుపు ఒక్కటే తక్కువ.” మంగరాజు నవ్వాడు. ఆ నవ్వులో గర్వం ఉంది. “ఆక్సిజన్‌కి హైదరాబాద్ దాకా ఎందుకు కాంతం? కైకలూరులో మన చేపపిల్లల సీడు ప్యాకింగు దగ్గర సిలిండర్లు వరసగా నిలబెట్టి లేవూ? రోజూ ఎన్ని వేల పిల్లలకి సంచుల్లో నింపి పంపుతున్నాం? హైదరాబాద్ పంపాలని వాడు కట్టిపెట్టిన బుడ్డి పట్టుకెళ్లి అక్కడి మన అప్పారావు చేత నింపించుకొచ్చాను.”

“పార్సిలు వచ్చిందని వాడికి చెప్పమన్నారు నన్ను!”

“నేను నింపించానంటే తీసుకుంటాడా? వాడూ నా కొడుకే కదా. ఇంత చేస్తే, ఒట్టేయించి తెరవకుండా చేసింది నీ కోడలు.”

వాకిట్లోంచి సాయిదుర్గ లేచొచ్చింది. కళ్లలో నీళ్లు. ఆ నీళ్లు భయానివి కావు. మావయ్యగారు కొడుకు కోసం బుడ్డి భుజాన వేసుకుని కైకలూరు వెళ్లడం ఆమె కళ్లముందు కదిలింది. రెండు నెలలుగా విడివిడిగా అన్నాలు తింటున్న ఇల్లు మళ్లీ ఒకటవుతుందనిపించింది.

“ఆయన వచ్చాక మీరే చెప్పండి మావయ్యగారూ. ఎంత సంతోషిస్తారో.”

ఆ సంతోషంలోనే ఎలీషాకి ఫోన్ చేసింది. ఎలీషా గూడెంలో రైసుమిల్లులకి వెల్డింగు పని చేస్తాడు. బుడ్డికి ఇనప పట్టీలు అతికింది అతనే.

“ఆయ్, నేనేనండి అమ్మగారూ. పెంటపాడులో మిల్లు పని మీదున్నానండి.”

“ఆయన ఫోన్ ఎత్తడం లేదు ఎలీషాగారూ. పందెం రోజున జేబులో ఉన్నా ఎత్తరు. కాస్త రన్‌వే దాకా వెళ్లి చూసి చెబుతారా?”

“దానికేం భాగ్యమండి. భయపడకండి, నేనతికిన పట్టీ ఊడాలంటే ముందు కారు ఊడాలండి.”

సాయిదుర్గ నవ్వింది. పొద్దుట్నుంచి అదే మొదటి నవ్వు.

“మా మావయ్యగారు కూడా కలిసిపోయారండి. బుడ్డి ఆయనే నింపించారట, చేపపిల్లలకి వాడే ఆక్సిజన్‌తో.”

అవతల గ్రైండరు చప్పుడు వినిపిస్తోంది. “ఒరేయ్, ఆపు,” అన్నాడు ఎలీషా ఎవరితోనో. చప్పుడు ఆగింది.

“అమ్మగారూ, మళ్లీ చెప్పండి. ఏంటితో నింపారన్నారు?”

“ఆక్సిజన్. మా సీడు ప్యాకింగు దగ్గరిది.”

ఎలీషా గొంతు ఫోన్లో దగ్గరగా వచ్చింది.

“మా షాపులో ఆక్సిజన్ సిలిండరుని గ్రీజు చేత్తో ముట్టుకుంటే మా నాన్న చెంప పగలగొట్టేవాడండి. ఎందుకో తెలిసేది కాదు. వాళ్లన్న ఎలా పోయాడో పెద్దయ్యాక చెప్పాడండి. బొట్టు గ్రీజు, అంతే. అగ్గిపుల్ల కూడా అక్కర్లేకపోయిందండి.”

“ఎలీషాగారూ...”

“నైట్రస్ వేరండి. అది ఇంజను వేడికి విడిపోయి ఆక్సిజన్ కొంచెం కొంచెంగా ఇస్తుంది. ఇది అలా కాదండి. చేపపిల్లకి ఊపిరైనది నిప్పుకీ ఊపిరేనండి. మూడో సెకనులో ఆ మూత తెరుచుకుని మండుతున్న పెట్రోలు మీదికి ఒక్కసారిగా వదిలితే ఇంజను తట్టుకోదండి, పేలుతుంది. నేను బయల్దేరుతున్నానండి. మీరు ఆయనకి కొడుతూనే ఉండండి.”

సాయిదుర్గ చేతిలో ఫోన్ అలాగే ఉంది. మంగరాజు చేతిలో గ్లాసు అలాగే ఉంది. ఎలీషా గొంతు పెద్దది. చెప్పిందంతా ఇద్దరూ విన్నారు.

“కాంతం,” అన్నాడు మంగరాజు, “వ్యాను తాళం ఏది?”

* * *

గట్టు రోడ్డు మీద చేపల పట్టుబడి లారీలు. చేపల ట్రేలు ఎక్కించుకుంటూ ఒకదాని వెనక ఒకటి. మంగరాజు హారన్ కొడితే, “ఏంటండీ రాజుగారూ, చేప తేలిందా?” అని అరిచాడొక లారీ డ్రైవరు నవ్వుతూ. మంగరాజు మళ్లీ హారన్ కొట్టాడు.

ముగ్గురూ ముందు సీట్లోనే ఇరుక్కుని కూర్చున్నారు. సాయిదుర్గ పదమూడోసారి ఫోన్ కొట్టింది. మోగింది, మోగింది, ఆగిపోయింది.

“ఒట్టు వేశాడుగా. తెరవడులే,” అంది కాంతం.

మంగరాజు లారీల పక్కనుంచి వ్యాను దూర్చాడు.

“సిగరెట్టు మానేస్తానని పెళ్లైన కొత్తలో నా మీదే ఒట్టేశారు అత్తయ్యా,” అంది సాయిదుర్గ.

“చదువు పూర్తిచేస్తానని నా మీద వేశాడు,” అంది కాంతం. “నేనింకా బతికే ఉన్నాను. వాడి ఒట్లకి అంత బలం లేదు.”

ఇంకో రోజైతే ఆ మాటకి ముగ్గురూ నవ్వేవాళ్లు.

“పోటీలో ఒట్టు గుర్తుండే వయసు కాదే అది,” అన్నాడు మంగరాజు. “పక్కన బండి ముందుకెళ్తుంటే చెయ్యి ఊరుకుంటుందా? నాకైతే ఊరుకోదు.”

“మావయ్యగారూ, ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి.” సాయిదుర్గ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. “పార్సిలని చెప్పించకుండా, ‘నేనే నింపించానురా’ అని మీ నోటితో అని ఉంటే? ఏంటితో నాన్నా అని అడిగేవారు. బుడ్డి అప్పుడే చెరువులోకి విసిరేసేవారు.”

“అవునమ్మాయ్.”

“రెండు నెలల్లో ఒక్క మాట.”

“ఆ ఒక్క మాటే రాలేదమ్మాయ్,” అన్నాడు మంగరాజు. “గొంతు దాకా వచ్చేది. వాడు ఎదురొస్తే మళ్లీ లోపలికి పోయేది.”

కాంతం మొగుడి మోకాలి మీద చెయ్యి వేసింది. తిట్టడానికి నోరు తెరిచి, తిట్టలేక మూసుకుంది. పార్సిలు అబద్ధం నడిచి వెళ్లింది తన నోట్లోంచే కదా.

ఆకివీడు దగ్గర రైలు గేటు పడింది.

మంగరాజు దిగి గేటుమన్ దగ్గరికి పరిగెత్తాడు. దణ్ణం పెట్టాడు. గేటుమన్ పట్టాల వైపు చూపించాడు. గూడ్సు బండి అప్పటికే వచ్చేస్తోంది. నెమ్మదిగా, ఎక్కడా తొందర లేనట్టు, ఒక్కో పెట్టే వాళ్ల కళ్లముందు నుంచి కదలసాగింది. మంగరాజు తిరిగొచ్చి సీట్లో కూలబడ్డాడు. సాయిదుర్గ పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, పన్నెండు దగ్గర మర్చిపోయింది.

ఫోన్ మోగింది. ఎలీషా.

“అమ్మగారూ! వచ్చానండి! తాడు కట్టి లోపలికి పోనివ్వలేదండి, గోడ దూకి—”

చప్పుడు. పెనుగులాట. ఫోన్ ఎవరో లాక్కున్నారు.

“దుర్గా!”

ఫణి గొంతు. బతికున్న గొంతు. ఆయాసపడుతూ, నవ్వుతూ ఉన్న గొంతు.

“దుర్గా, పది పాయింట్ తొమ్మిది! ఇప్పుడే కొట్టి వచ్చాను! బెల్టు జారలేదు, ఇంజను వేడెక్కలేదు, మన ఐసు మహత్యం! బుడ్డి లేకుండానే! విన్నావా, బుడ్డి లేకుండానే!”

సాయిదుర్గ ఫోన్ ముగ్గురి మధ్యకీ తెచ్చింది. స్పీకరు నొక్కింది.

“నిజం చెప్పండి. తెరవలేదా?”

“ఒట్టేశాను కదే. తెరవడం మాట అటుంచు, అసలు అది నా బండిలోనే లేదు. చెయ్యి ఊరుకోదని నాకే భయమేసి, రాగానే విప్పి తీసేయించాను. నీ మీద ఒట్టు మరి!”

“అమ్మా తల్లీ,” అని కాంతం రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. మంగరాజు నుదురు స్టీరింగు మీద వాలిపోయింది. హారన్ మీద పడింది ఆ తల. వ్యాను ఒకటే కూత. గేటు దగ్గర ఆగిన జనమంతా వెనక్కి తిరిగి చూశారు. ఆయన తల ఎత్తలేదు. వీపు ఎగిరెగిరి పడుతోంది. కాంతమే భుజం పట్టి వెనక్కి లాగింది.

గూడ్సు బండి ఆఖరి పెట్టె దాటిపోయింది. గేటు ఇంకా లేవలేదు. పట్టాల మీద ఒక్కసారిగా నిశ్శబ్దం పడింది. ఆ నిశ్శబ్దంలో సాయిదుర్గ చున్నీతో మొహం తుడుచుకుంది. నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక తిట్టాల్సిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. అప్పుడు, ఏదో మాట కలపడానికి అన్నట్టు అడిగింది.

“మరి ఆ బుడ్డి ఎక్కడుందండీ?”

“ఎక్కడుంటుంది? నిండు బుడ్డి వృథా చేసుకుంటామా? నీ తమ్ముడు కాళ్లావేళ్లా పడ్డాడు. ఇద్దరిదీ ఒకే కిట్టు కదా, వాడి బండికి బిగించేశాం. ఇదిగో, లైన్లోకి వచ్చేశాడు కూడా. ‘అక్కకి చెప్పు బావా, నీ రికార్డు అయిదు నిమిషాలే’ అన్నాడు వెధవ—”

“ఆపండి!”

ఆ కేకకి వ్యాను పక్కన మోటారుసైకిలు మీద కూర్చున్నాయన ఉలిక్కిపడ్డాడు.

“వాణ్ణి ఆపండి! అందులో ఉన్నది నైట్రస్ కాదు! ఆక్సిజన్! చేపపిల్లల ఆక్సిజన్! ఏవండీ, వినపడుతోందా? గోపీని ఆపండి!”

“ఏంటీ? ఏంటి దుర్గా? బండి మోతలో...” 

వెనక ఎక్కడో ఎలీషా అరుపు. “ఆపండయ్యా! పచ్చదీపం వెయ్యకండి!” ఆ అరుపు మీంచి ఇంజను మోత పెరిగింది. పెరిగి, పెరిగి, పట్టి ఉంచిన దాన్ని వదిలేసినట్టు ఒక్కసారి గొంతు మార్చుకుంది.

బండి కదిలింది.

మంగరాజు కోడలి చేతిలోని ఫోన్ వైపే చూస్తున్నాడు. నోరు తెరుచుకుని ఉంది. చేపలాగే.

సాయిదుర్గ లెక్కపెట్టాలనుకోలేదు. పెదాలే లెక్కపెట్టాయి.

ఒకటి.

రెండు.